గాలికొండ మీద రెండు నేలలు

డిసెంబరు ఉదయం, ఆరున్నర. అరకులో మీరు దిగిన గది కిటికీకి అవతల అంతా పొగమంచే. ఎదురింటి రేకుల కప్పు కూడా కనబడటం లేదు. బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన జాయ్‌స్టిక్, స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టిన ట్యాబ్లెట్. ఫోనులో సిగ్నల్ పోయి చాలాసేపయింది. పోతే పోయింది. ఇప్పుడు మాట్లాడుకోవలసిన యంత్రాలన్నీ ఈ గదిలోనే ఉన్నాయి. ఫోనులో హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌నీ ట్యాబ్లెట్‌నీ దానికి కలిపారు. 192.168తో మొదలయ్యే చిరునామాలు రెండింటికీ వచ్చేశాయి.

ల్యాప్‌టాప్ తెరమీద మాత్రం మీరు విశాఖ విమానాశ్రయంలో ఉన్నారు. ఎక్స్-ప్లేన్ 12, సెస్నా 172, రన్‌వే 28. పదివేల అడుగుల పైచిలుకు పొడవున్న ఆ రన్‌వే మీద ఈ చిన్న విమానానికి అందులో ఐదో వంతు కూడా అక్కర్లేదు. థ్రాటిల్ నెట్టారు. 55 నాట్ల దగ్గర ముక్కు లేచింది. కుడికి తిరిగితే సింహాచలం కొండ కుడి రెక్క పక్కకు వచ్చింది. కింద పెందుర్తి, ముందు కొత్తవలస. అక్కడి నుంచి కిరండూల్ రైలు మార్గమే మీకు దారి.

ఈలోగా ట్యాబ్లెట్ తీయండి. బ్రౌజరులో ల్యాప్‌టాప్ చిరునామా, దాని పక్కన 8965 అన్న పోర్ట్ నంబరు. మ్యాప్ తెరుచుకుంది. ల్యాప్‌టాప్‌లో నడుస్తున్న లిటిల్ నావ్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చే మ్యాప్ అది. ఎక్స్-ప్లేన్‌లో లిటిల్ ఎక్స్‌పీకనెక్ట్ అనే చిన్న ప్లగిన్ కూర్చుని విమానం ఎక్కడుందో, ఎటు చూస్తోందో దానికి చెబుతూ ఉంటుంది. రెండూ ఒకే కంప్యూటర్లో ఉన్నాయి కాబట్టి ఉమ్మడి మెమరీలో ఒకటి రాస్తే రెండోది చదువుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో ఆ మ్యాప్ అడుగున దారి పొడవునా నేల ఎత్తుపల్లాల గీత, దాని పైన మీ విమానం.

రెండో కనెక్షన్ ఇంకాస్త మొరటుది, నాకు ఇష్టమైనదీ అదే. ముప్పై లైన్లు దాటని పైథాన్ ప్రోగ్రామ్. ఎక్స్-ప్లేన్ 49000 పోర్ట్ దగ్గర చెవి ఒగ్గి ఉంటుంది. అక్కడికి 413 బైట్ల ఉత్తరం ఒకటి పంపాలి: 'ఆర్‌రెఫ్' అన్న మాట, సెకనుకు ఎన్నిసార్లు కావాలో ఒక అంకె, మీరు పెట్టుకున్న గుర్తు సంఖ్య, ఆపైన కావలసిన డేటారెఫ్ (సిమ్యులేటర్ లోపలి విలువ) పేరు. పేరు చిన్నదైనా సరే, దానికి కేటాయించిన 400 బైట్లూ నింపి పంపాలి. జవాబులో ఒక్కో విలువకు ఎనిమిది బైట్లు వస్తాయి. నాలుగు మీ గుర్తు సంఖ్యకు, నాలుగు అసలు అంకెకు. ఇదంతా యూడీపీ. అరకు సంతలో ధర అరిచేవాడిలా, విన్నవాడు విన్నాడు, విననివాడికి మళ్లీ చెప్పేది లేదు. ఒక ప్యాకెట్ తప్పిపోయినా నష్టం లేదు, సెకనులో పదోవంతుకు తాజాది వస్తుంది. పాతదాన్ని మళ్లీ తెప్పించుకుని చేసేదేముంది? విమానం అప్పటికే ముందుకు పోయి ఉంటుంది.

మీరు అడిగిన విలువ వై ఏజీఎల్, అంటే విమానం కింద నేల ఎంత దూరంలో ఉందన్నది. కాక్‌పిట్‌లో ఆల్టిమీటర్ ఈ సంగతి చెప్పదు. అది గాలి ఒత్తిడిని బట్టి సముద్రమట్టం నుంచి కొలుస్తుంది. కొత్తవలస మీద ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. శృంగవరపుకోట దాటాక అదే ప్రాణం. ఇంకో తిరకాసు: ఆల్టిమీటర్ అడుగుల్లో, వై ఏజీఎల్ మీటర్లలో. కొత్తగా చేసేవాళ్లు 300 అని చూసి కంగారుపడి పైకి లాగుతారు. అది దాదాపు వెయ్యి అడుగులు.

తలుపు చప్పుడు. ఇంటివాళ్ల అబ్బాయి కాఫీ తెచ్చాడు. గ్లాసు పెట్టి వెళ్లలేదు.

"ఇది ఏ ఊరు సార్?"

"ఎస్.కోట తమ్ముడూ. ఇప్పుడు ఘాటీ ఎక్కుతాం."

బొడ్డవర దగ్గర మైదానం ఆగిపోయి కొండ లేచింది. ఆల్టిమీటర్ 5,500 దగ్గర కదలకుండా ఉంది. పైథాన్ ప్రోగ్రామ్ నల్లటి కిటికీలోని అంకె మాత్రం జారుతోంది: 1,400... 1,100... 800. మీరు కిందికి దిగడం లేదు, నేలే పైకి వస్తోంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి. రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ గంటలు పట్టే ఎత్తు కిటికీ కింద నిమిషాల్లో ముడుచుకుపోయింది. ఎడమ పక్క అనంతగిరి. ముందు ఐదువేల అడుగుల గాలికొండ.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోని మ్యాప్ చూడండి. అడుగున ఉన్న గీత గాలికొండ మీద తీరుబడిగా, గుండ్రంగా వంగింది. దాని లెక్కన మీకూ శిఖరానికీ మధ్య బోలెడంత గాలి. పైథాన్ కిటికీ ఒప్పుకోవడం లేదు: 260, 190, 140. ఏది నమ్మాలి?

ఇంటర్నెట్ లేనప్పుడు లిటిల్ నావ్‌మ్యాప్ వాడేది గ్లోబ్ అనే పాత ఎత్తుల పట్టిక. అందులో సుమారు కిలోమీటరుకు ఒక్క అంకె. కత్తిలాంటి కొండ అంచు ఆ ఒక్క అంకెలో అరిగిపోతుంది. సిమ్యులేటర్ నేల అంతకంటే ఎంతో చిన్న ముక్కలతో అల్లినది. ఇలాంటి నేలలకు పెద్ద ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజుల పాటు రాడార్‌తో చేసిన కొలత. దానికీ ఒక లొసుగుంది. దట్టమైన అడవిలో ఆ రాడార్ నేలదాకా పూర్తిగా దిగదు, కొమ్మల దగ్గరే చాలావరకు వెనక్కి వస్తుంది. మన్యంలో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల ఎత్తులో కొంత, అలా కొండ ఎత్తులో కలిసిపోయే వీలుంది. అయినా సరే, సిమ్యులేటర్లో మీరు గుద్దుకునేది సిమ్యులేటర్ నేలనే. అందుకే దాని నోటి నుంచి నేరుగా వచ్చిన అంకెనే నమ్మాలి. అందమైన మ్యాప్ దారి చూడటానికి. జనం డబ్బు పోసి కొనే యాడ్-ఆన్లలో చాలావాటికంటే ఈ ముప్పై లైన్ల నల్ల కిటికీ మేలని నేనంటే అతి అనిపించవచ్చు. గాలికొండ మీద మాత్రం అనిపించదు.

118. జాయ్‌స్టిక్ లాగారు. వేగం పడిపోతోంది, థ్రాటిల్ పూర్తిగా నెట్టారు. 97. ఆ తర్వాత ఒక్కసారిగా 400, 550. శిఖరం వెనక్కి పోయి, సుమారు మూడువేల అడుగుల ఎత్తులో లోయ పరుచుకుంది.

తెరమీద అరకు ఎండలో మెరుస్తోంది. అబ్బాయి కిటికీ వైపు చూశాడు, తెర వైపు చూశాడు.

"మంచు ఏది సార్?"

మంచి ప్రశ్నే. తెల్లారుజామున సిగ్నల్ వచ్చిన కాసేపట్లో ఎక్స్-ప్లేన్ వాతావరణం దింపుకుంది. అందులో భూమి మొత్తానికీ వేసిన అంచనా గళ్లుగళ్లుగా ఉంటుంది. అమెరికా వాతావరణ సంస్థ ఇచ్చే గడి ఒక్కొక్కటీ పాతిక కిలోమీటర్ల పైన. ఈ లోయ, దాని చుట్టూ కొండలు, కింద మైదానంలో కొంత, అన్నీ ఒకే గడిలో ఇమిడిపోవచ్చు. విమానాశ్రయాల నుంచి వచ్చే రిపోర్టులూ కలుస్తాయి గానీ అరకులో విమానాశ్రయం లేదు. రాత్రి చల్లబడి లోయ అడుగున నిలిచే ఈ పొగమంచు ఆ లెక్కకు అందదు.

"మరి మా రైలు గేటు కనిపిస్తుందా?"

ఒక చుట్టు తిప్పి చూపించారు. వాడు తెరకు ముక్కు ఆనించి పట్టాల గీత పట్టుకుని వెళ్లి, ఇదిగో అని వేలు పెట్టాడు. అక్కడ గేటు లేదు, పెట్టెల్లాంటి ఇళ్లు మాత్రం ఉన్నాయి. "ఇది మా ఊరిలా లేదు సార్, కొండలు మాత్రం మావే" అని తేల్చేశాడు.

దిగడానికి ఇక్కడ చోటు లేదు, వెనక్కి పోవలసిందే. తిరిగే ముందు సిమ్యులేటర్‌ని ఆపి ప్రోగ్రామ్‌లో రెండు మార్పులు చేయండి. అంకెను 3.28తో గుణించి అడుగుల్లో చూపించాలి. అది 1,000 లోపు పడితే గంట మోగాలి. పాత ప్రోగ్రామ్‌ని మూసేముందు అదే ఉత్తరాన్ని వేగం సున్నా అని రాసి మళ్లీ పంపడం మరవకండి. లేకపోతే వినేవాడు లేకపోయినా సిమ్యులేటర్ చెబుతూనే ఉంటుంది.

జాయ్‌స్టిక్ అబ్బాయి చేతిలో పెట్టారు. వాడు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. సుంకరిమెట్ట వైపు తిరగగానే గంట మొదలైంది.

"పైకి లేపు తమ్ముడూ."

"లేపుతున్నాను సార్, అది లేవడం లేదు!"

"థ్రాటిల్ ఎవరు నెడతారు మరి?"