ఒక జంతువు, పెక్కు పేర్లు

ఎరుగని ప్రాణి ఎదురైనప్పుడు మనిషి ఎరిగిన ప్రాణిని తలచుకొని పేరు పెడతాడు. తేనె బ్యాడ్జర్ నామచరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

1776లో జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ష్రేబర్ దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతపు ఈ జంతువును పునుగుపిల్లుల ప్రజాతిలో చేర్చి 'వివెర్రా కాపెన్సిస్' అన్నాడు. 1792లో కెర్ భారతదేశపు రూపాన్ని ఎలుగుబంటిగా భావించి 'ఉర్సస్ ఇండికస్' అన్నాడు. తమిళంలోని 'తవకరడి' అనే పేరులోనూ ఎలుగుబంటే ఉన్నది. ఇంగ్లీషువారికిది బ్యాడ్జరుగా తోచింది. నిజానికిది నీటికుక్కలు చేరిన కుటుంబంలోనిదే అయినా, తనదైన ప్రత్యేక ఉపకుటుంబానికి చెందినది. 1780లో ష్టోర్ మాత్రం పోలికను విడిచి ఆహారాన్ని పట్టుకొన్నాడు. లాటిన్‌లో 'మెల్' అంటే తేనె, 'వొరారె' అంటే మ్రింగుట. ఆ రెండింటి కలయికే 'మెల్లివొరా'. నేటి శాస్త్రీయనామమైన 'మెల్లివొరా కాపెన్సిస్'లో ష్టోర్ పదమూ ష్రేబర్ పదమూ జంటగా నిలిచాయి.

కేప్‌లోని డచ్చివారు దీనిని 'రాటెల్' అన్నారు. ఆ మాటను కొందరు తేనెపట్టుకు డచ్చి పదమైన 'రాట్'తోనూ, మరికొందరు గిలక శబ్దంతోనూ ముడిపెడతారు. తేనె కన్నా పట్టులోని పిల్లపురుగులే దీనికి ప్రీతి. ఎలుకలు, పాములు, తేళ్లు కూడా దీని ఆహారమే. కనుక 'తేనె' అన్న విశేషణం దీని జీవితంలో ఒక భాగాన్ని మాత్రమే చెబుతుంది.

ఉత్తర భారతంలో దీని పేరు 'బిజ్జు'. శవాలను త్రవ్వి తింటుందన్న నమ్మకం వల్ల 'కబర్ బిజ్జు' అని కూడా అంటారు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ తన 1867 నాటి భారత క్షీరదాల గ్రంథంలో, ఉత్తరదేశంలో దీనిపై ఉన్న ఈ అపవాదును ప్రస్తావించాడు. నేల త్రవ్వే బలమైన పొడవాటి గోళ్లు, రాత్రి సంచారం, పైన బూడిదరంగు, క్రింద నల్లరంగు గల దేహం ఆ భయానికి ఊతమిచ్చి ఉండవచ్చు.

పేరు కేవలం గుర్తు కాదు. అది తీర్పు కూడా. తేనెపట్లు పెంచే ఆఫ్రికా రైతుకు ఈ జంతువు దొంగ. పల్లెవాసికి శ్మశానచోరుడు. ఈ తీర్పుల ఫలితం ఉచ్చులు, విషం. దక్షిణాఫ్రికాలో తేనెపెట్టెలను ఎత్తైన దిమ్మెలపై నిలిపి, జంతువును చంపకుండానే నష్టాన్ని తగ్గించుకొన్నవారున్నారు. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనిని మొదటి షెడ్యూలులో చేర్చి అత్యున్నత రక్షణ కల్పించింది. చట్టం ఇచ్చిన రక్షణ నిలవాలంటే, ఊరు ఇచ్చిన అపవాదు కూడా తొలగాలి.