ధవళేశ్వరం ఆనకట్ట: రాయి పడకముందు మూడేళ్ళు

ధవళేశ్వరం ఆనకట్ట ఎప్పుడు మొదలైందని అడిగితే మీలో చాలామంది 1847 అని రాస్తారు. పరీక్షలో దానికి మార్కులు వస్తాయి. గోదావరిలో పని ఆరంభమైంది ఆ సంవత్సరమే కాబట్టి సమాధానం తప్పు కాదు. అయితే ఈ పాఠ్యభాగంలో మీరు శ్రద్ధగా చూడవలసింది అంతకు ముందు కాగితాల మీద గడిచిన మూడేళ్ళను. ఈస్టిండియా కంపెనీ వంటి పెద్ద సంస్థ ఒక కొత్త పనిని తనదిగా ఎలా ఒప్పుకుంటుందో ఆ కాగితాల్లోనే తెలుస్తుంది.

ముందుగా, మొదలుకాని ఒక ప్రయత్నాన్ని చెప్పుకుందాం. గోదావరి, కృష్ణా నీటిని పొలాలకు మళ్ళించవచ్చన్న ఆలోచన కాటన్‌తో పుట్టలేదు. కంపెనీ ఖగోళ శాస్త్రజ్ఞుడు, సర్వేయరు అయిన మైకేల్ టాపింగ్ 1790ల్లోనే ఈ ప్రాంతాన్ని సర్వే చేసి అటువంటి సూచన చేశాడు. 1796లో ఆయన మచిలీపట్నంలో మరణించాడు. ఆయనతోపాటు ఆ సూచనా మూలబడింది. దానికి మంజూరైన సొమ్ము లేదు, పని అప్పగించిన కార్యాలయం లేదు, తరువాతివాడు అందుకుని కొనసాగించడానికి ఆమోదం పొందిన పథకం లేదు. ఒక మనిషి తలలో ఉన్నంతకాలం ఎంత మంచి ఆలోచనైనా అంతే.

ఆ తరువాతి అర్ధశతాబ్దం ఈ జిల్లాకు చెడ్డకాలం. 1832-33లో వచ్చిన కరువును గుంటూరు ప్రాంతంలో డొక్కల కరువు అన్నారు. 1839లో కోరంగి తుఫాను వచ్చింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉండగా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారింది. చనిపోయినవారు ఎందరో, ఊరు విడిచి వెళ్ళినవారు ఎందరో ఆ అంకె విడదీసి చెప్పదు. ప్రభుత్వాన్ని కదిలించింది జనం కష్టమా, తగ్గిన శిస్తా అని విద్యార్థులు నన్ను తరచు అడిగేవారు. రికార్డులు చూస్తే శిస్తు పాలే ఎక్కువని నా అభిప్రాయం.

మద్రాసు ప్రభుత్వం నేరుగా ఆనకట్ట కడదామని అనలేదు. జిల్లా ఎందుకు క్షీణించిందో విచారించమని సర్ హెన్రీ మాంట్‌గోమరీని నియమించింది. ఆయన 1844 మార్చిలో నివేదిక ఇచ్చాడు. ఆయన రెవెన్యూ అధికారి. నిర్మాణం గురించి తానే తీర్పు చెప్పకుండా, నది నీటిని వాడుకునే వీలును అనుభవమున్న ఇంజనీరు చేత పరిశీలింపజేయమని కోరాడు. తన పరిధి ఎక్కడ ముగుస్తుందో తెలిసిన విచారణాధికారి రాసిన నివేదిక అది. ఈ సుగుణం మనం అనుకున్నంత సాధారణం కాదు. నేను సభ్యుడిగా కూర్చున్న ఒక సంఘంలో సమస్య ఏమిటో తేలకముందే శిలాఫలకం మీద రాయవలసిన పేర్ల గురించి ఒక పూటంతా చర్చ జరిగింది.

అప్పుడు విశాఖపట్నంలో ఉన్న ఆర్థర్ కాటన్‌కు ఈ పని అప్పగించారు. ఆయన అంతకుముందే, 1830ల్లో, కావేరి పాయ అయిన కొల్లడం మీద ఆనకట్టలు కట్టించినవాడు. ఇసుక మీద కట్టడం ఎలా నిలుస్తుందో పూర్వం మనవాళ్ళు కట్టిన కల్లణైని చూసి నేర్చుకున్నవాడు. ఆయన ఒక్కసారే అంతా అడగలేదు. 1844 ఆగస్టులో మొదటి నివేదికలో జిల్లా స్థితిని, సాగునీటి అవకాశాలను వివరించాడు. 1845 ఏప్రిల్‌లో రెండవ నివేదికలో ఆనకట్టను ప్రతిపాదించాడు. ఆయన వాదనకు రెండు ఆధారాలున్నాయి. ఒకటి నేల వాలు: డెల్టాలో నది ఒడ్డు ఎత్తుగా ఉండి, దూరం పోయేకొద్దీ నేల పల్లమవుతుంది. అందుచేత డెల్టా తలవద్ద నీటిమట్టం పెంచితే కాలువల ద్వారా నీరు తనంత తానే పారుతుంది. రెండవది తంజావూరు. అటువంటి డెల్టాయే నీటి వసతి వల్ల ఎంత శిస్తు ఇస్తున్నదో కంపెనీకి తన లెక్కల్లోనే కనబడుతున్నది. సొమ్ము ఇవ్వవలసినవారికి అర్థమయ్యే భాషలో ఆయన మాట్లాడాడు.

తరువాత అంచనా. ఆనకట్టకు సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు అవుతాయన్నారు. ఈ అంకెను జాగ్రత్తగా చదవండి. డెల్టా అంతటా వ్యాపించిన కాలువల పూర్తి ఖర్చు ఇందులో లేదు. అవి తరువాత విడతలుగా మంజూరయ్యాయి. ముందే మొత్తం ఖర్చు చెబితే ఆమోదం దొరికేదా? చెప్పలేం. కానీ చిన్న అంచనాతో తలుపు తెరిచి, తరువాత మళ్ళీ మళ్ళీ అడగవలసి రావడం ఆనాటినుంచీ ఉన్న అలవాటే.

ఇంత పెద్ద పనిని మంజూరుచేసే అధికారం మద్రాసుకు లేదు. కాగితాలు లండన్‌లోని డైరెక్టర్ల కోర్టుకు ఓడల మీద వెళ్ళాలి, జవాబు ఓడల మీదే రావాలి. అనుమతి 1846 చివరకు గాని లభించలేదు. ప్రతిపాదనకూ మంజూరుకూ మధ్య ఏడాదిన్నరకు పైగా గడిచింది. ఆ కాలమంతా రైతు వానకోసం ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం కొండ రాయి, దాన్ని మోయడానికి పట్టాల బండ్లు, వేలాది కూలీలు, నది పాయల మీద నాలుగు భాగాలుగా మొత్తం రెండుంపావు మైళ్ళ కట్టడం. ఇవన్నీ మీరు చదివే ఉంటారు. నాకు ముఖ్యంగా తోచేది మరొకటి. 1848లో కాటన్ అనారోగ్యంతో సెలవుపై వెళ్ళిపోయాడు, 1850లో గాని తిరిగి రాలేదు. పని ఆగలేదు. కెప్టెన్ ఆర్ బాధ్యత తీసుకున్నాడు. ఆమోదించిన పథకం, మంజూరైన నిధి, పనిచేస్తున్న సిబ్బంది అప్పటికే ఉన్నాయి. టాపింగ్ పోయినప్పుడు లేనివి సరిగ్గా ఇవే. 1852లో ఆనకట్ట పూర్తయింది. అదే సంవత్సరం బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైతే, దాన్ని నడపడానికి ఆర్‌నే పంపారు. 1855లో అదీ ముగిసింది.

అభ్యాసం: మీ ప్రాంతంలోని ఒక చెరువు, వంతెన లేదా పాఠశాల భవనాన్ని ఎంచుకోండి. దాని అవసరాన్ని మొదట ఎవరు రాతపూర్వకంగా చెప్పారు, అంచనా ఎవరు వేశారు, ఎవరు మంజూరు చేశారు, అందులో వాడుకునేవారి మాట ఎక్కడైనా నమోదైందా అన్నది పెద్దలను, కార్యాలయాలను అడిగి ఒక పుటలో రాయండి. ధవళేశ్వరం విషయంలో ఈ చివరి ప్రశ్నకు మీరేమి సమాధానం రాస్తారో కూడా చేర్చండి.