గీతకు 15 అడుగుల దూరంలో



నేను సేవకు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో ఒక సహోదరుడు లేచాడు. తాను ఎక్కవలసిన ఆటో కాస్తలో తప్పిపోయిందనీ, ఆ ఆటోయే బోల్తా పడిందనీ, దేవుడు తనను తప్పించాడనీ చెప్పాడు. అందరం స్తోత్రం అన్నాం. నేనైతే గట్టిగానే అన్నాను. వెనుక చాప మీద కూర్చున్న ఒక సహోదరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ ఆటోలో చనిపోయింది ఆమె కొడుకు.

బోస్టన్ పరుగు సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ ఆదివారమే గుర్తొస్తుంది.

అమెరికాలోని బోస్టన్‌లో ఏటా ఏప్రిల్ మూడో సోమవారం మారథాన్ జరుగుతుంది. 1897లో మొదలైన పందెం అది. హాప్కింటన్ అనే ఊళ్ళో బయలుదేరి, 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగెత్తి, బాయిల్‌స్టన్ వీధిలో గీసిన గీత దగ్గర ముగిస్తారు. ఆ రోజు అక్కడ సెలవు. జనం పిల్లాపాపలతో వచ్చి రోడ్డు పక్కన నిలబడి, తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ చప్పట్లు కొడతారు.

2013 ఏప్రిల్ 15 మధ్యాహ్నం 2 గంటల 49 నిమిషాలు. బిల్ ఇఫ్రిగ్ అనే 78 ఏళ్ల పెద్దాయన నాలుగు గంటలుగా పరుగెత్తి గీత దగ్గరికి వచ్చాడు. ఇంకా 15 అడుగులే. ఎడమ పక్కన కాలిబాట మీద బాంబు పేలింది. ఆ అదురుకి కాళ్ళు వణికి రోడ్డు మీద పడిపోయాడు. ఇక తన పని అయిపోయిందనే అనుకున్నాడట. తీరా చూస్తే మోకాలు గీరుకుపోయింది, అంతే. ఒకరు చెయ్యి పట్టి లేపితే మిగిలిన నాలుగడుగులూ నడిచి గీత దాటాడు. చక్రాల కుర్చీ తెస్తామంటే వద్దని, భార్య ఉన్న హోటలుకి నడిచే వెళ్ళాడు. ఆయన కిందపడి ఉన్న ఫోటో లోకమంతా చూసింది.

ఫోటోలో కనబడని సంగతి ఒకటుంది. బాంబులు పెట్టింది పరుగెత్తేవాళ్ళ మధ్య కాదు, చప్పట్లు కొట్టేవాళ్ళ మధ్య. ప్రెషర్ కుక్కర్లలో మేకులు, ఇనుప గుళ్ళు కూరి, సంచుల్లో పెట్టి నేల మీద వదిలారు. అందుకే ఎక్కువమందికి దెబ్బలు కాళ్ళకే తగిలాయి. పన్నెండు పదమూడు సెకన్లలో, అదే వీధిలో కొద్ది దూరంలో, రెండోది పేలింది. చనిపోయిన ముగ్గురూ చూడ్డానికి వచ్చినవాళ్ళే: 29 ఏళ్ల యువతి, చైనా నుండి చదువుకోడానికి వచ్చిన 23 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల పిల్లవాడు. గాయపడినవారు 260 మందికి పైనే.

పెద్దాయనను దేవుడు కాపాడాడని మనం తేలికగా అనేస్తాం. మరి ఆ పిల్లవాడి తల్లి ఎదుట నిలబడి ఆ మాట అనగలమా? సిలోయములో గోపురం కూలి పదునెనిమిది మంది చచ్చినప్పుడు వాళ్ళు మిగతావారికంటె పాపులని జనం అనుకున్నారు. ప్రభువు కాదన్నాడు. ఎందుకు కూలిందో మాత్రం ఆయన అక్కడ వివరించలేదు. నేను చాలా ఏళ్ళు ఆ వాక్యం మీద ప్రసంగించి, ఆ రెండో సంగతి గమనించనేలేదు.

ఎండకి సొమ్మసిల్లే పరుగువారి కోసం గీత దగ్గర ఒక వైద్యపు గుడారం వేసి ఉంచారు. నిమిషాల్లో అదే ఆసుపత్రి అయింది. బెల్టులతో, గుడ్డలతో కాళ్ళకు కట్లు బిగించి మోసుకొచ్చారు. ఆ రోజు ఆసుపత్రులకు ప్రాణంతో చేరిన ప్రతి ఒక్కరూ బతికారు.

ఆ గీత పక్కనే ఓల్డ్ సౌత్ చర్చి ఉంది, దానికీ ఎత్తైన గోపురముంది. పోలీసులు వీధి మూసేశారు, ఏప్రిల్ 24 దాకా తెరవలేదు. మరుసటి ఏడు పందేనికి ఆ సంఘంవాళ్ళు నీలం, పసుపు ఊలుతో మెడకు చుట్టుకునే స్కార్ఫులు సిద్ధం చేశారు. ఎక్కడెక్కడివాళ్ళో అల్లి పంపగా అవి వేలయ్యాయి. పరుగెత్తేవాళ్ళ మెడలో వాటిని వేశారు.

ఆ సహోదరి ఇంటికి నేను వెళ్ళింది పదకొండు రోజుల తరువాత. ఏం చెప్పాలో తెలియక అన్నాళ్ళు ఆగాను. ఆమె ముందు చెంబుతో నీళ్ళిచ్చింది. తరువాత లోపలికి వెళ్ళి, ఇంకా ఉతకని వాడి చొక్కా తెచ్చి నా చేతిలో పెట్టింది.