అన్‌ఫిట్

నిజామాబాద్ వైపు నుంచి వచ్చే బస్సు మేడ్చల్ మీదుగా, కరీంనగర్ వైపు నుంచి వచ్చేది శామీర్‌పేట మీదుగా హైదరాబాద్‌లోకి దిగుతాయి. గల్ఫ్ మెడికల్‌కి వచ్చేవాళ్ళలో చాలామందిది ఈ రెండు దారుల్లో ఏదో ఒకటే. ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్ష. హెచ్‌ఐవీ ఉందని తేలితే ఒకే మాట: అన్‌ఫిట్.

మా సాఫ్ట్‌వేర్‌వాళ్ళ అమెరికా కూడా ఒకప్పుడు ఇంతే. 1987లో హెచ్‌ఐవీని ప్రవేశ నిషేధ జాబితాలో చేర్చింది. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సుకి వెళ్తున్న డచ్ వ్యక్తి హాన్స్ పాల్ వెర్హూఫ్ సామానులో ఏజెడ్‌టీ మందు కనబడితే మినియాపొలిస్‌లో ఆపి జైల్లో పెట్టారు. 1992లో బోస్టన్‌లో జరగాల్సిన ఎయిడ్స్ సదస్సు ఆమ్‌స్టర్‌డామ్‌కి తరలిపోయింది. అయినా మర్నాడే 1993లో కాంగ్రెస్ నిషేధాన్ని చట్టంలోకే ఎక్కించింది (మర్నాడంటే మరుసటి ఏడాదని, చరిత్రకి అదెంత దూరం!). 2010 జనవరి 4న అది పోయింది. గ్రీన్‌కార్డు మెడికల్‌లో ఈ పరీక్ష ఉండేదని నా తరంలో చాలామందికి తెలియనే తెలియదు.

గల్ఫ్‌లో పోలేదు. దిగాక అకామా కోసం మళ్ళీ పరీక్ష. పాజిటివ్ వస్తే వెనక్కి పంపేస్తారు.

2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న మన హెచ్‌ఐవీ చట్టం ఉద్యోగానికి ఈ పరీక్ష షరతు కాకూడదంటుంది. కానీ సూది గుచ్చేది హైదరాబాద్‌లో, షరతు పెట్టేది రియాద్, కువైట్. మందు ఇక్కడ 2004 నుంచీ ఉచితమే. శామీర్‌పేట మీదుగా తిరిగి వెళ్ళేవాడు మాత్రం ఏజెంటు కోసం చేసిన అప్పుకీ, ఇంట్లోవాళ్ళకీ ఏదో ఒకటి చెప్పుకోవాలి.