ప్రత్యేక విద్య: తల్లిదండ్రుల సంఘాలు, కుటుంబ సహాయం

వైకల్యమున్న పిల్లల చదువు విషయంలో కుటుంబానికి అందే సహాయం భారతదేశంలో ఏ ఒక్క శాఖ చేతిలోనూ లేదు. ధ్రువపత్రానికి ప్రభుత్వాసుపత్రికి, ప్రత్యేక ఉపాధ్యాయుల సేవకు విద్యాశాఖకు, సంరక్షకత్వ ఉత్తర్వుకు కలెక్టరేటుకు వెళ్లాలి. పింఛను లెక్క మరోచోట. ఈ గడపల మధ్య దారి చూపే పని చాలావరకు తల్లిదండ్రుల సంఘాల మీదే పడింది. ఈ వ్యాసం ముఖ్యంగా మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కుటుంబాలకు సంబంధించినది. అంధుల, బధిరుల విద్యకు ఇంతకంటే పాత చరిత్ర, వేరే సంస్థలు ఉన్నాయి.

2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులను లెక్కించింది. వారిలో మేధో వైకల్యం కింద నమోదైనవారు సుమారు 15 లక్షలు. ఇంటికి వచ్చిన గణకుడికి ఈ సంగతి చెప్పడానికి వెనుకాడే కుటుంబాలు ఉంటాయి కనుక ఈ రెండో అంకెను కనీస సంఖ్యగా తీసుకోవడం మేలు.

పదజాలం

మందబుద్ధి, బుద్ధిమాంద్యం, మానసిక వికలాంగత అనే మాటలు పాత పత్రాల్లో కనిపిస్తాయి. ఇప్పటి ప్రభుత్వ వ్యవహారంలో మేధో వైకల్యం, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అనే మాటలు నడుస్తున్నాయి. బడి లెక్కల్లో వీరు ‘ప్రత్యేక అవసరాలు గల పిల్లలు’. మానసిక వైకల్యం అన్న మాటను కొందరు మేధో వైకల్యానికీ, కొందరు మానసిక వ్యాధికీ వాడటం వల్ల దరఖాస్తుల్లో గందరగోళం ఏర్పడుతుంది. చట్టం దృష్టిలో ఈ రెండూ వేర్వేరు.

ఆరంభ దశ

దేశంలో మేధో వైకల్యమున్న పిల్లల తొలి పాఠశాల ఏదన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ప్రత్యేక విద్య పాఠ్యగ్రంథాలు కొన్ని 1918లో కర్సియాంగ్‌లో ఏర్పడినదాన్ని చెబుతాయి. మరికొన్ని 1944లో బొంబాయిలో మొదలైన జై వకీల్ పాఠశాలతో కథ ప్రారంభిస్తాయి. కాలక్రమం మొదటి వాదాన్నే బలపరుస్తుంది. కుటుంబాల పాత్రను పరిశీలించేవారికి మాత్రం రెండోదే సరైన మొదలు. వకీల్ దంపతులు దాన్ని తమ కూతురి కోసం ప్రారంభించారు.

తర్వాత వచ్చిన పలు సంస్థల వెనుక కూడా ఇలాంటి ఇంటి అవసరమే కనిపిస్తుంది. 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను నెలకొల్పిన మిథూ అలూర్ కుమార్తె మాలినీ చిబ్‌కు సెరిబ్రల్ పాల్సీ ఉంది. 1991లో ఢిల్లీలో మొదలైన యాక్షన్ ఫర్ ఆటిజం స్థాపకురాలు మేరీ బరువా ఆటిజం ఉన్న అబ్బాయి తల్లి. హైదరాబాద్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968 నుంచి, సికింద్రాబాద్‌లో స్వీకార్ 1977 నుంచి పనిచేస్తున్నాయి.

మనోవికాస్ నగర్ సంస్థ

1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను ఏర్పాటు చేసింది. ఇప్పుడు దాని పేరు జాతీయ మేధో దివ్యాంగజన సాధికారత సంస్థ. పలకడానికి సులువుగా ఉండటం వల్ల కాబోలు, చాలామంది తల్లిదండ్రుల నోట పాత ‘ఎన్ఐఎంహెచ్’ పేరే ఇంకా ఉంది.

ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణకు ఈ సంస్థ ప్రసిద్ధం. కుటుంబ సహాయ చరిత్రలో మాత్రం దీని విశిష్టత మరొకటి. బిడ్డకు మొదటి గురువు ఇంట్లోనే ఉంటారన్న దృష్టితో తల్లికీ తండ్రికీ నేర్పే పద్ధతిని ఇది బలపరిచింది. దూరప్రాంతాల వారు పిల్లలతో కొన్నాళ్లు ఉండి నేర్చుకునేందుకు ప్రాంగణంలో కుటుంబ కుటీరాలు ఉన్నాయి. నేర్పేవి చిన్న పనులే, నేర్పే క్రమమే అసలు విషయం. చొక్కా గుండీలు పెట్టడాన్ని తీసుకుంటే, ముందు పనిని మెట్లు మెట్లుగా విడగొడతారు. తల్లి అన్ని గుండీలూ తానే పెట్టి, చివరి గుండీ మాత్రం పిల్లవాడికి వదిలేస్తుంది. అది వచ్చాక చివరి రెండు, ఆపై మూడు. ఇలా వెనుక నుంచి ముందుకు నేర్పడం వల్ల ప్రతిసారీ పని ముగించినవాడు పిల్లవాడే అవుతాడు. అన్నం కలుపుకోవడం, పళ్లు తోముకోవడం కూడా ఇదే తీరున సాగుతాయి. పలక, బలపం దాకా రావడం ఆ తర్వాతి మాట.

1990ల్లో రీటా పెషావరియా, డి.కె. మీనన్ తదితరులు ఇక్కడ రూపొందించిన కుటుంబ అవసరాల ప్రశ్నావళి కూడా గుర్తించదగినది. పిల్లవాడికి ఏం కావాలన్న ప్రశ్న అంతకుముందూ ఉంది. అమ్మానాన్నలకు, తోబుట్టువులకు, తాతయ్య అమ్మమ్మలకు విడివిడిగా ఏం కావాలని అడగడం దీని ప్రత్యేకత. ఉమ్మడి కుటుంబం ఉంటే ఆసరా దానంతట అదే వస్తుందనే నమ్మకం మన దగ్గర గట్టిది. ఇలా విడిగా అడగవలసి రావడమే ఆ నమ్మకానికి కొంత సమాధానం.

సంఘాలు, చట్టాలు

మనోవికాస్ నగర్ సంస్థ చొరవతో 1990ల్లో జరిగిన తల్లిదండ్రుల జాతీయ సమావేశాల నుంచి ‘పరివార్’ అనే సమాఖ్య పుట్టింది. దాని స్థాపన సంవత్సరంగా సాధారణంగా 1995ను చెబుతారు. అదే ఏడాది పార్లమెంటు వికలాంగుల చట్టాన్ని ఆమోదించింది. అందులోని ఏడు రకాల వైకల్యాల్లో ఆటిజం లేదు. ఆ లోటును కొంత తీర్చింది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం అనే నాలుగింటికే అది వర్తిస్తుంది. ట్రస్టు పాలకమండలిలో తల్లిదండ్రుల సంఘాలకు చట్టమే చోటు కేటాయించింది. సలహాదారులుగా కాక సభ్యులుగా కూర్చునే హక్కు ఇది. ఈ ట్రస్టు నడిపే నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంది. ముందస్తు వైద్య పరీక్ష అడగరు. థెరపీ ఖర్చు కూడా ఇందులో ఉంది, సాధారణ బీమా పాలసీలలో ఇది అరుదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. ఆటిజంతోపాటు అభ్యసన వైకల్యమూ ఇందులో చేరింది. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు 31వ సెక్షన్‌లో ఉంది. దగ్గరి బడిలోనో, ప్రత్యేక పాఠశాలలోనో, కోరుకున్నచోట చదవవచ్చు. 40 శాతం రాలేదు కాబట్టి బడిలో ఏమీ అడగకూడదని కొన్ని కుటుంబాలు అనుకుంటాయి, అది సరికాదు. వివక్ష లేకుండా చేర్చుకోవడం, అవసరమైన సదుపాయం కల్పించడం 16వ సెక్షన్ ప్రకారం బడి బాధ్యత. ఆ సెక్షన్‌లో శాతం ప్రస్తావన లేదు.

బడి, భవిత కేంద్రం

సాధారణ బడుల్లో వికలాంగ బాలలను చేర్చే కేంద్ర పథకం 1974లో మొదలైంది. ఆ పని ఇప్పుడు సమగ్ర శిక్ష కింద సాగుతోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దీని ముఖం మండల స్థాయి భవిత కేంద్రం. ఐఈఆర్‌టీలుగా పిలిచే ప్రత్యేక ఉపాధ్యాయులు ఇక్కడ పాఠం చెబుతారు, చుట్టుపక్కల బడులకూ వెళ్తారు. ఫిజియోథెరపిస్టు వారంలో నిర్ణీత రోజున వస్తారు. పిల్లవాణ్ణి తీసుకొచ్చేవారికి ఎస్కార్ట్ అలవెన్సు, రవాణా భత్యం ఉన్నాయి. మొత్తం చిన్నదే, అయినా కూలి మానుకుని వచ్చే తల్లికి చార్జీలకు అక్కరకొస్తుంది. కదలలేని పిల్లలకు ఇంటివద్ద చదువు చెప్పే ఏర్పాటుకు 2012 నాటి విద్యాహక్కు సవరణ చట్టబలం ఇచ్చింది. బడికి రప్పించే ప్రయత్నం మానేయడానికి ఇది సాకు అవుతుందని అప్పట్లోనే విమర్శ వచ్చింది. ఆ భయాన్ని తోసిపుచ్చలేం.

ఉపాధ్యాయుల కొరతపై సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో తీర్పు ఇస్తూ, ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ఉండాలని చెప్పింది. ప్రైవేటు కేంద్రంలో చేర్చేవారు అక్కడి ఉపాధ్యాయులకు భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉందా అని అడగవచ్చు. 1992 చట్టం ప్రకారం ఆ నమోదు తప్పనిసరి.

పింఛను 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సాధారణంగా నెలకు 6,000 రూపాయలు. తీవ్ర వైకల్యం ఉన్నవారికి వేరే రేట్లు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తల్లిదండ్రులకు బదిలీల్లో మినహాయింపు ఇవ్వాలని కేంద్రం 2014లో ఉత్తర్వు ఇచ్చింది. వైకల్యమున్న బిడ్డ తల్లికి శిశు సంరక్షణ సెలవు నిరాకరించడాన్ని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో తప్పుపట్టింది.

పద్దెనిమిదేళ్ల తర్వాత

‘మా తర్వాత వీడికెవరు’ అన్నది తల్లిదండ్రుల సమావేశాల్లో తప్పకుండా వినిపించే మాట. 18 ఏళ్లు నిండాక చట్టం దృష్టిలో బిడ్డ పెద్దవాడు. బ్యాంకు ఖాతా మొదలు ఆస్తి పత్రాల దాకా తల్లిదండ్రుల సంతకం చాలదు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు, నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. దీనికి కోర్టుకు వెళ్లనక్కరలేదు. ఒకరి నిర్ణయాధికారాన్ని మరొకరికి అప్పగించడం 2007లో భారత్ ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందానికి విరుద్ధమని హక్కుల కార్యకర్తలు వాదిస్తారు. 2016 చట్టం పరిమిత సంరక్షకత్వం వైపు మొగ్గింది. పాత పద్ధతే ఆచరణకు అనువైనదని భావించే తల్లిదండ్రులు చాలామంది. సిద్ధాంతం మొదటి పక్షాన ఉన్నా, బ్యాంకు కౌంటరు దగ్గర అడిగేది ఇంకా కమిటీ ఉత్తర్వునే.

సంరక్షకుడిగా నియమితులైనవారు, సొంత తల్లి అయినా సరే, ఆరు నెలల్లోపు బిడ్డ ఆస్తుల జాబితా కమిటీకి సమర్పించాలి. ఆపై ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోపు ఆస్తుల లెక్క చూపాలి.