బొబ్బిలి రాజావారి జీపు

ఆ కుంపట్లో మరో నాలుగు బొగ్గులు వెయ్యరా, చల్లారిపోతోంది. ఏదీ, ఆ ఫోను ఇలా తే. ఊఁ, బండి బాగానే ఉంది. 'కాయితాలన్నీ ఉన్నాయి తాతయ్యా' అంటున్నావు. కాయితాలు లేకుండా దొంగబండి అమ్మే వెర్రివాడు ఇన్నేళ్ళలో నాకు తారసపడలేదు. నిజమైన పాతబండికైతే ఒకటో అరో పోయే ఉంటుంది, ఎలకలు కొట్టేసో, వానకి నానిపోయో. అన్నీ భద్రంగా ఉన్నాయంటేనే నాకు అనుమానం.

నా బతుకంతా బళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట చెట్టుకింద ఫారాలు రాసుకోడమే కదా. ఓ బల్ల, టైపు మిషను, కార్బన్ కాయితాలు, రెవెన్యూ స్టాంపులు. ఇంజన్లో ఏది ఎక్కడుంటుందో ఇప్పటికీ నాకు తెలీదు. కాయితం సంగతి మాత్రం నన్నడుగు.

రామారావుగారు కొత్తగా ముఖ్యమంత్రి అయిన రోజులు, 1983. శ్రీకాకుళం నుంచి ఓ డాక్టరుగారు నన్ను వెతుక్కుంటూ వచ్చేరు. ఆయనకి పాతబళ్ళ పిచ్చి. విశాఖపట్నం బ్రోకరొకడు ఆయనకి జీపు చూపించేడు. 1944 విల్లీస్ అట, యుద్ధంలో అమెరికా సైన్యం వాడిందట, మిలిటరీ డిస్పోజల్లో బొబ్బిలి రాజావారు కొని వేటకి తీసికెళ్ళేవారట. ఇన్ని 'అట'లకీ సాక్ష్యం ఒకే ఒక్క రసీదు.

వినగానే అబద్ధం అని తోసెయ్యడానికీ లేదు. యుద్ధం అయిపోయేక సైన్యం జీపులు చాలా చోట్ల అమ్మేసేరు. బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారంటే 1932 నుంచి మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన మనిషి, ఆ దివాణంలో మోటారుబండి ఉందంటే ఎవరు కాదంటారు? ఆ తరవాత 1948 చట్టంతో జమీందారీలు పోయేయి. ఖర్చులు భరించలేక ఎన్నో దివాణాల వాళ్ళు ఏనుగుల్నీ గుర్రాల్నీ వదిలించుకున్నట్టే కార్లనీ వదిలించుకున్నారు. ఏది ఎవరింటికి పోయిందో ఎవడు లెక్క రాసేడు? ఆ లెక్కలేని చోటే మోసగాడు కాపరం పెడతాడు. మన జిల్లాల్లో తుప్పట్టిన ప్రతి కారూ అమ్మకానికొచ్చేసరికి రాజావారిదే అవుతుంది. గుమస్తాగారి కారు ఒక్కటీ రాలేదు నా దగ్గరికి!

సరే, రసీదు చూపించమన్నాను. దళసరి కాయితం, టీ డికాక్షన్లో ముంచి ఆరబెట్టిన రంగు. అంచులు కొవ్వొత్తికి కాల్చి చేత్తో నలిపేరు. ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. పైన విలాసం: బొబ్బిలి, విజయనగరం జిల్లా, ఆంధ్రప్రదేశ్, ఆ పక్కనే ఆరంకెల పిన్ కోడు. కింద తేదీ 1951 మార్చి.

నాకు నవ్వాగలేదు. 'డాక్టరుగారూ, విజయనగరం జిల్లా ఎప్పుడు పుట్టిందండీ?' అన్నాను. ఆయన తెల్లమొహం వేసేరు. మొన్న మొన్న, 1979 జూన్ 1న కదా పుట్టింది! 1951లో బొబ్బిలి ఉన్నది శ్రీకాకుళం జిల్లాలో. ఆ శ్రీకాకుళం జిల్లాయే విశాఖపట్నం నుంచి విడిపడి, 1950 ఆగస్టు 15 నుంచి లెక్కేసుకుంటే, అప్పటికింకా ఏడాది నిండలేదు. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబరు 1న, అంతకుముందు మూడేళ్ళు కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, దానికీ ముందు మనం మద్రాసువాళ్ళం. పిన్ కోడంటావా, తపాలావాళ్ళు దాన్ని తెచ్చింది 1972లో. విలాసం ఒక్క లైనే, అబద్ధాలు మూడు. ఆ బ్రోకరుకి చాసిస్ తెలుసు, గేరుబాక్సు తెలుసు, కొత్త కాయితాన్ని పాత చెయ్యడం తెలుసు. మన జిల్లాల కథ తెలీదు.

డాక్టరుగారికి మనసొప్పలేదు. 'కాయితం పోతే పోనీండి, బండి అసలుదే అయ్యుండొచ్చు కదా' అన్నారు. బండి మీద మనసు పడ్డవాడు అలాగే అంటాడు, నువ్వూ అంటావు. అంచేత సాలూరునుంచి మేస్త్రీని పిలిపించేం. సాలూరంటే లారీల ఊరు, అక్కడి మేస్త్రీలకి బండి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ మేస్త్రీ వస్తూనే బానెట్టు ఎత్తలేదు. తిన్నగా వెనక్కెళ్ళి గొంతుక్కూచున్నాడు. 'యుద్దం జీపుకి ఎనక డోరుండదు బాబూ. రేకు ఏకంగా ఉంటాది, స్టెప్నీ దానికే బిగిస్తారు' అని ఆ రేకుని వేళ్ళతో తడిమేడు. నన్నూ తడమమన్నాడు. నున్నగా ఉన్న రంగుకింద రెండు పక్కలా నిలువునా గట్లు తగిలేయి. ఉన్న డోరు మూసేసి, వెల్డింగు చేసి, పుట్టీ పూసి రంగు కొట్టేరన్నమాట. ముందు జాలీకి తొమ్మిది చీలికలున్నాయి, యుద్ధం నాటి జీపుకి తొమ్మిదే ఉండాలి. తరవాతొచ్చిన సివిల్ జీపులకి ఏడు. సరిపోయిందని డాక్టరుగారి మొహం వెలిగింది. మేస్త్రీ టార్చి వేసి చూపించేడు, ఆ జాలీ వేరే బండిది, బోల్టు చిల్లులు కలవక కొత్తగా డ్రిల్లు వేసిన చోట ఇనుము తళతళ మెరుస్తోంది.

ఇహ నంబర్లు. బంపరు వెనకాల ఎడమపక్క చాసిస్ మీద ప్లేటుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే రివెట్లు బయటపడ్డాయి, మధ్యలో చిల్లున్న పాప్ రివెట్లు. ఫ్యాక్టరీలో బిగించిన ప్లేటుకి ఆ రివెట్లెక్కడివి? ఇంజన్ బ్లాకు దగ్గరకొచ్చి నన్ను పల్చటి కాయితం అడిగేడు. టైపు కాయితం ఇచ్చేను. అంకెల మీద పరిచి, పెన్సిలు అడ్డంగా పట్టుకుని మెల్లిగా రుద్దేడు. ఇన్స్పెక్టర్లు తీసే పెన్సిల్ ప్రింటే అది. నంబర్లో రెండు నాలుగులున్నాయి. ఒకదానికి తలకాయ మూసుకుపోయింది, రెండోదానికి తెరుచుకునుంది. ఒకే పంచిల సెట్టుతో కొట్టిన నంబర్లో నాలుగు రెండు రకాలుగా పడదు. చుట్టూ సన్నటి ఆకురాయి గీతలు.

ఒక సంగతి చెప్తాను, ఇది తరవాత ఓ ఇన్స్పెక్టరుగారు చెప్పగా తెలిసింది. ఆకురాయితో అరగదీసినంత మాత్రాన నంబరు పోదురా. పంచి దెబ్బ పడ్డప్పుడు అంకె కిందున్న లోహం లోపలిదాకా నలుగుతుంది. పైపైన గీకేస్తే కంటికి కనపడదు గానీ నలిగింది నలిగే ఉంటుంది. ఫోరెన్సిక్ లాబులో హైడ్రోక్లోరిక్ యాసిడ్లో కాపర్ క్లోరైడు కలిపి దూదితో అద్దుతారు. నలిగినచోట యాసిడ్ ఒకలాగ తింటుంది, మిగతా చోట ఇంకోలాగ. చెరిపిన అంకెలు అలా పైకి తేల్తాయి, తేలగానే ఫొటో తీసుకుంటారు.

చివరికి తేలిందేమిటంటే అది మహీంద్రావాళ్ళు మనదేశంలో కట్టిన సివిల్ జీపు. మరి ఆర్‌సీ పుస్తకం? అది మాత్రం అసలైనదే! ఎక్కడో తుక్కుకింద పోయిన విల్లీస్‌ది. చచ్చిన బండి పుస్తకం తెచ్చి బతికున్న బండికి తగిలించేరు. బండి పనికిరాకుండా పోతే పధ్నాలుగు రోజుల్లో ఆఫీసుకి తెలియజేసి పుస్తకం అప్పగించమని చట్టంలో ఉంది, ఇప్పటి చట్టంలో 55వ సెక్షన్. చేసేవాళ్ళెంతమంది? తుక్కు కొట్లో ఇనుముకో రేటు, పుస్తకానికో రేటు.

బ్రోకరు పోట్లాడలేదు. 'ఏదో తేడా వచ్చింది లెండి' అని బండి తోలుకుపోయేడు. పోలీసులకి చెబుదామన్నాను. 'నా డబ్బు పోలేదు కదా, మనకెందుకు' అన్నారు డాక్టరుగారు. అందరూ ఇలాగే అంటారు, అంచేతే ఆ బండి మళ్ళీ రోడ్డెక్కుతుంది.

ఇప్పుడు కంప్యూటరుంది, నంబరు కొడితే అంతా తెలుస్తుంది అంటావు. ఆ పదిహేడక్షరాల చాసిస్ నంబరు అమెరికాలోనే 1981లో తప్పనిసరి చేసేరు. ఒకటీ సున్నాలతో పొరబడకుండా అందులో ఐ, ఓ, క్యూ తీసేసేరు. అంతకుముందు ఏ కంపెనీ నంబరు దాని ఇష్టం. అంచేత 1965 అంబాసిడరుకి ఎవడైనా పదిహేడక్షరాలు చూపిస్తే చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వచ్చెయ్యి. మన ఏపీ 30, ఏపీ 35 కూడా 1989లో కొత్త చట్టం అమల్లోకొచ్చేక వచ్చినవే, అంతకుముందు మూడక్షరాల సిరీసు. 1980 నాటి బిల్లు మీద ఏపీ 35 కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు. 2021లో యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి వింటేజి రిజిస్ట్రేషన్ పెట్టేరు. ఇరవైవేల రూపాయల ఫీజు, నంబర్లో వీఏ అని అక్షరాలు, పదేళ్ళ గడువు. మంచిదే. కానీ పాత ఆర్‌సీ ఉంటే పని సులువు కనక చచ్చిన పుస్తకాలకి మళ్ళీ ప్రాణం వచ్చింది.

కొత్తబళ్ళ మాటా అంతే. 2017 ఏప్రిల్ నుంచి సుప్రీంకోర్టు బీఎస్-3 బళ్ళు అమ్మకూడదంది. తుక్కుగా కొన్న అలాంటి లారీల్ని నాగాలాండ్‌లో బీఎస్-4 కాయితాలతో రిజిస్టరు చేయించి అనంతపురం తెచ్చేరన్న కేసు పేపర్లనిండా వచ్చింది. ఆరోపణే అనుకో, కానీ అదీ తిరిగింది చాసిస్ నంబర్ల చుట్టూనే. పై దేశాల్లోనూ ఇదే గొడవ. అమెరికాలో మిల్వాకీ అనే ఊళ్ళో 2001లో, ముక్కలుగా విప్పి ఉన్న 1938 టాల్బో-లాగో కారుని ఉన్నది ఉన్నట్టు ఎత్తుకుపోయేరు, కాయితాలతో సహా! డెబ్భై లక్షల డాలర్ల దాకా పోసి కొన్నాయన టైటిలుకి దరఖాస్తు పెట్టేసరికి దొంగబండి జాబితాలో తగిలింది. కారు పోగొట్టుకున్నాయన వారసుడు కోర్టుకెక్కేడు. బండి నంబరు 90108, ఆ కేసు పేర్లో కూడా ఆ అంకెలే ఉన్నాయి.

మన జీపు కథ అక్కడితో అవలేదురోయ్. ఆ ఏడు సిరిమానోత్సవం వెళ్ళిన తరవాత ఓ కాంట్రాక్టరుగారు నా బల్ల దగ్గరికొచ్చేరు. జీపు పేరు మార్పించాలి, ఫారం రాసిపెట్టమన్నారు. కాయితాలిస్తే చూద్దును కదా, అదే డికాక్షన్ రంగు, అదే టైపు. ఈసారి పిన్ కోడు లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు, మద్రాసు అని శుభ్రంగా ఉంది. బొబ్బిలి చాల్లేదనుకున్నాడో ఏమో, బండిని విజయనగరం రాజావారికి మార్చేసేడు. నేను కిందటిసారి చెప్పింది బ్రోకరు బాగా చెవినేసుకున్నాడు కాబోలు, అప్పట్లో అంతా శ్రీకాకుళమే అనుకుని 'విజయనగరం, శ్రీకాకుళం జిల్లా' అని కొట్టించేడు. విజయనగరం పట్నం ఏనాడూ శ్రీకాకుళం జిల్లాలో లేదు, కొత్త జిల్లా వచ్చేదాకా విశాఖపట్నం జిల్లాలోదే. పైగా తేదీ 1949 డిసెంబరు, శ్రీకాకుళం జిల్లాయే అప్పటికి పుట్టలేదు.

'అడ్వాన్సు ఎంతిచ్చేరండీ?' అనడిగేను.

'అడ్వాన్సేంటండీ, మొత్తం ఇచ్చేసేను' అన్నారు కాంట్రాక్టరుగారు.