బొగ్గు పనివారి జాగరణ



డిసెంబరు నెల ఆఖరు వారములో మన సంఘములు రెండు రాత్రులు నిద్ర మానుకొనును. ఒకటి క్రిస్మసు ముందటి రాత్రి. రెండవది సంవత్సరము మారు రాత్రి. మంచిర్యాలలోనైనను, లక్షెట్టిపేటలోనైనను, జగిత్యాల చెంతనున్న ఒక చిన్న పల్లె గుడిలోనైనను ఇదే వాడుక. ముసలివారు గొంగళి కప్పుకొని కూర్చుందురు. పిల్లలు తల్లుల ఒడిలో నిద్రపోవుదురు. కీర్తనలు పాడువారు పాడుచునే యుందురు. పండ్రెండు కాగానే గంట మ్రోగును. ఈ అలవాటు ఎచ్చటినుండి వచ్చెనని ఎవరైన అడిగినయెడల, “పెద్దల నాటినుండి వచ్చుచున్నది” అని చెప్పి ఊరకుందుము. ఆ పెద్దలెవరో తెలిసికొనుట మనకు మేలు. బొగ్గుబాయిల చుట్టు నున్న మన సంఘములకు మరింత మేలు. ఏలయన వారును బొగ్గు త్రవ్వినవారే.

పండుగకు ముందటి రాత్రి మేలుకొని ప్రార్థించుట సంఘములో మిక్కిలి పురాతనమైన వాడుక. అది క్రిస్మసు పండుగకంటెను పాతది. డిసెంబరు 25న ప్రభువు జన్మమును జ్ఞాపకము చేసికొనినట్లు మనకు దొరకు మొదటి ఆధారము రోమా పట్టణములో 336వ సంవత్సరమునకు చెందినది. అంతకు ముందు విశ్వాసులు హింసలు పడిరి, చెరసాలలకు పోయిరి, ప్రాణములు పెట్టిరి. అయితే క్రిస్మసు పండుగ జరుపుకొనినట్లు జాడ కనబడదు. పండుగ వచ్చిన తరువాత దానితోకూడ తిండియు త్రాగుడును వచ్చినవి. ఇంగ్లాండు దేశములో ఇది ఎంత ముదిరెననగా, 1647లో అచ్చటి పార్లమెంటు క్రిస్మసు పండుగనే నిషేధించెను. 1660లో రాజు తిరిగి సింహాసనమెక్కిన పిమ్మట పండుగ మరల వచ్చెను. త్రాగుడును మరల వచ్చెను. చట్టము పండుగను ఆపగలిగెను గాని మనస్సును మార్చలేకపోయెను. మనస్సు మారిన సంగతి మరియొక చోట, ఎవరును ఎదురుచూడని వారి మధ్య జరిగెను.

బ్రిస్టలు అను రేవు పట్టణమునకు చేరువను కింగ్స్‌వుడ్ అను ప్రాంతము కలదు. ఆ దినములలో అది బొగ్గుగనుల చోటు. అచ్చటి పనివారిని గూర్చి పట్టణపువారు మంచిమాట చెప్పెడివారు కారు. వారిని చూచి జడిసెడివారు. వారి మధ్యకు పోయి బోధించవలెనని తలంచిన బోధకులు అరుదు. శనివారము రాత్రి వచ్చినదనగా అనేకులు త్రాగుడు అంగడిలోనే తెల్లవార్చెడివారు. 1739 ఫిబ్రవరి 17న జార్జి విట్‌ఫీల్డ్ అను 24 ఏండ్ల యువ బోధకుడు అచ్చటికి పోయి, పైన ఆకాశమే కప్పుగా నిలువబడి బోధించెను. మొదటి దినమున వినవచ్చినవారు సుమారు 200 మంది. కొద్ది వారములలోనే వేలమంది వచ్చిరి. మసిపట్టిన వారి చెంపలమీద కన్నీరు కారి తెల్లని చారలు ఏర్పడుటను తాను చూచితినని ఆయన వ్రాసి పెట్టెను. బెల్లంపల్లిలోగాని గోదావరిఖనిలోగాని పని ముగించుకొని బాయినుండి పైకి వచ్చు మనుష్యుని ముఖము చూచినవారికి ఈ మాట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

ఆ సంవత్సరమే ఏప్రిలులో జాన్ వెస్లీ ఆ పనికి వచ్చెను. ఆయన తమ్ముడు చార్లెస్ వెస్లీ వ్రాసిన క్రిస్మసు దూతల పాట అచ్చుపడినదియు 1739లోనే. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో దాని తెలుగు రూపము కలదు. మీరు ప్రతి సంవత్సరము పాడుచునే యున్నారు. వెస్లీగారు కింగ్స్‌వుడ్‌లో బొగ్గు పనివారి పిల్లలకు బడి కట్టించిరి. మన సంగతి ఆ బడిలోనే మొదలగుచున్నది.

కొంతకాలమునకు వెస్లీగారికి ఒక వార్త వచ్చెను. పనివారిలో కొందరు వీలు దొరకినప్పుడు ఆ బడిలో కూడుకొని, రాత్రి చాలభాగము ప్రార్థనలోను స్తుతిలోను గడుపుచున్నారు. ఏ బోధకుడును వారికి అట్లు చేయుమని చెప్పలేదు. వెనుక శనివారపు రాత్రిని త్రాగుడు అంగడికి ఇచ్చినవారే ఇప్పుడు రాత్రిని దేవునికి ఇచ్చుచున్నారు. దీనిని ఆపివేయుడని కొందరు వెస్లీగారికి సలహా చెప్పిరి. ఎల్లప్పుడును అట్టివారు కొందరుందురు! ఆయన ఆలోచించి, ఆదిసంఘపు క్రైస్తవులును ఇట్లే చేసిరి గదా అని తలంచి, ఆపుటకు మారుగా, “నేనును వచ్చి మీతోకూడ మేలుకొందును” అని కబురంపెను. ఏ రాత్రి? పున్నమకు దగ్గరగా వచ్చు శుక్రవారము. ఏలయన దూరమునుండి వచ్చువారికి పోవుటకును వచ్చుటకును వెన్నెల వెలుగుండవలెను. ఆ రాత్రి జనులు విస్తారముగా వచ్చిరి. ఎనిమిది తొమ్మిది గంటల మధ్య ఆరంభించి, నడిరేయి దాటువరకు పాడుచు ప్రార్థించుచు నుండిరి. ఆ మీదట నెలకొకసారి బ్రిస్టలు, లండను, న్యూకాసిలు పట్టణములలోను ఇట్లే జరిగెను. లండనులో మొదటిది 1742 ఏప్రిలులో జరిగెను. సంవత్సరపు ఆఖరు రాత్రికి అది స్థిరపడుట తరువాతి సంగతి.

చదువరీ, ఈ వెన్నెల మాటను గమనింపుము. దీపములు చూచి ఆనందించుటకు వచ్చినవారు కారు వారు. త్రోవ కనబడిన చాలునని వచ్చినవారు.

జాగరణ యనునది మన ప్రాంతమునకు క్రొత్త మాట కాదు. శివరాత్రికి వేములవాడలో మన పొరుగువారు ఉపవాసముండి జాగారము చేయుదురు. దూరపు పల్లెలనుండి నడిచి వచ్చువారును కలరు. వారి శ్రద్ధను చూచి మనము నేర్చుకొనదగినది కలదు. మన పెద్దలు ఆ మాటయొక్క బరువు ఎరిగినవారే. 1880ల ప్రారంభములో విలియం బర్జెస్‌గారు మొదలగు వెస్లియను మిషనెరీలు సికింద్రాబాదులో పని మొదలుపెట్టిరి. ఆ దశాబ్దములోనే అది కరీంనగరు వరకు వచ్చెను. పిమ్మట గోదావరి దాటి ఆదిలాబాదు పల్లెలకును ప్రాకెను. వారు తెచ్చిన ఆచారములలో ఈ జాగరణ ఆరాధన యొకటి. ఆ కాలమున మన పల్లెలలో సువార్తను అంగీకరించినవారు ఎవరు? తరచుగా మాలలు, మాదిగలు. నైజాము కాలపు వెట్టిచాకిరి చేసినవారు. వారి పగలు దొరది. రాత్రి మాత్రమే వారిది. తమదని చెప్పుకొనుటకు మిగిలిన ఆ కొంచెమును వారు ప్రభువునకు ఇచ్చిరి. అందుచేతనే ఉపదేశి సాయంకాలపు దీపము వెలిగించి నడిపిన ప్రార్థనలు మన సంఘములకు పునాదులైనవి.

మెదకు దేవాలయమును గూర్చి మీరందరు ఎరుగుదురు. పాస్నెట్టుగారి కాలములో, కరవునందు ఆకలిగొన్నవారికి పని చూపుటకై మొదలైన కట్టడమది. 1914లో ఆరంభమై, 1924 డిసెంబరు 25న, సరిగా క్రిస్మసు దినముననే ప్రతిష్ఠింపబడెను. గోపురము ఎత్తు 175 అడుగులు. ఇప్పుడు క్రిస్మసునకు అచ్చటికి వేలాదిగా జనులు వత్తురు. అన్ని మతములవారును వత్తురు, అది సంతోషింపదగినదే. అయితే మన సంఘములనుండి బండి కట్టించుకొని పోయినవారిలో కొందరు గోపురము ముందు ఫోటో తీయించుకొని, ఆరాధనకు లోపలికి పోకయే తిరిగి వచ్చుట యేమి? రాళ్లు మోసినవారు ఆ గుడిలో మోకరించుటకే మోసిరి.

ఇప్పుడు ఒక కఠినమైన మాట చెప్పవలసియున్నది. నా మాటకంటె ముందు వెస్లీగారి మాట వినుడి. 1786లో, తన 83వ యేట, ఆయన తన సంఘములను చూచి భయపడి వ్రాసెను. మెథడిస్టులు లేకుండ పోవుదురని ఆయన భయము కాదు. శరీరమువలె రూపము నిలిచియుండి లోపల శక్తి పోవునేమోనని భయము. ఆయన చూపిన కారణమేమనగా, భక్తి కలిగినవాడు త్రాగుడు మానును, కష్టపడి పనిచేయును, పొదుపుగా నుండును. అట్టివానికి డబ్బు చేరకుండునా? డబ్బుతోకూడ గర్వమును లోకాశయు చేరును. అప్పుడు ఆ భక్తియే సన్నగిలును. అనగా వ్యాధి బయటనుండి రాలేదు, ఆశీర్వాదములోనుండియే వచ్చినది. దీనికి ఆయన చెప్పిన మందు ఒక్కటే: సంపాదించుడి, పొదుపు చేయుడి, అయితే ఇయ్యగలిగినంత యిచ్చివేయుడి. మొదటి రెండింటిని జనులు సులువుగా నేర్చుకొనిరి.

మన బొగ్గు ప్రాంతములో ఇది జరుగలేదా? 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనెను. 1920లో కంపెనీకి సింగరేణి పేరు స్థిరమాయెను. పిమ్మట గోదావరికి ఇరువైపుల బాయిలు తెరచుకొనెను. పల్లెలలో వెట్టి చేసినవారి కుమారులు నెల జీతము తీసికొనిరి. వారి కుమారులు చదువుకొనిరి. మనుమలలో కొందరు ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, నర్సులు. జగిత్యాల, నిర్మలు పల్లెలవారు గల్ఫు దేశములకు పోయి డబ్బు పంపుచున్నారు. 1978లో కరీంనగరు అధ్యక్ష మండలము ఏర్పడెను. 2016లో పాత రెండు జిల్లాలు అనేక జిల్లాలాయెను. రేకుల గుడి పోయి స్లాబు గుడి వచ్చెను. ఇదియంతయు దేవుని కృపయే. దీనిని తక్కువచేసి పలుకువాడను కాను. పెద్దలు పడిన బాధ పిల్లలు పడవలెనని ఎవడు కోరును?

అయితే క్రిస్మసు రాత్రి మన ఇండ్లలో జరుగుచున్నది చూడుడి. యాట కోయుటకును, బట్టలకును, సీరియల్ దీపములకును మహిళా సంఘములోనుండి అప్పు తీసిన ఇల్లు ఎన్ని! ఆరాధన ముగియకముందే వెనుక వరుసలోని యువకులు ఒక్కరొక్కరుగా లేచిపోవుదురు. ఎచ్చటికి పోవుదురో తల్లులకు తెలియును, పాస్టరుగారికి తెలియును, ఎవరును పలుకరు. త్రాగుడు అంగడి విడిచి గుడికి వచ్చినవారు స్థాపించిన జాగరణ ఇది. దానిలోనుండి లేచి త్రాగుడు అంగడికి పోవుట అనగా, వారు నడిచివచ్చిన త్రోవను మరల వెనుకకు నడచుటయే. డోర్నకలు బిషప్ అజరయ్యగారు 1945 జనవరి 1న మరణించువరకు పల్లె సంఘములకు నాలుగు శత్రువులను పేరుపెట్టి చెప్పుచుండిరి: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. మొదటి రెండును ఇప్పుడు కొంతవరకు ఓడిపోయినవి. చివరి రెండును కొత్త బట్టలు కట్టుకొని పండుగకు వచ్చుచున్నవి.

త్రాగనివారు, అప్పు చేయనివారు తమకీ మాట తగులదని తలంపవద్దు. మత్తయి సువార్త రెండవ అధ్యాయము తెరచి చూడుడి. క్రీస్తు ఎక్కడ పుట్టునని హేరోదు అడిగినప్పుడు ప్రధాన యాజకులును శాస్త్రులును తడుముకొనలేదు. ఊరిపేరు చెప్పిరి, ప్రవక్త వాక్యము చూపిరి. వారి జవాబులో తప్పు లేదు. యెరూషలేమునుండి బేత్లెహేము సుమారు 6 మైళ్లు. ఉదయము బయలుదేరినవాడు మధ్యాహ్నము కాకమునుపే చేరును. అయినను వారిలో ఒక్కడు బయలుదేరినట్లు వ్రాయబడలేదు. దూరదేశపు జ్ఞానులు వచ్చిరి. పొలములో రాత్రి మేలుకొనియున్న గొర్రెలకాపరులు పరుగెత్తి వచ్చిరి. లేఖనములు చేతిలోనున్నవారు ఇంటనుండిరి. నాలుగవ తరపు క్రైస్తవులమైన మనము ఈ సంగతిలో ఎవరి పక్కన కూర్చున్నాము? వాక్యములు మనకు కంఠస్థము. క్రిస్మసు నాటకములో గొర్రెలకాపరుల వేషములు వేసితిమి. బాప్తిస్మపు దాఖలా పెట్టెలో భద్రముగా నున్నది.

వెస్లీగారు మరియొక ఆరాధనను కూడ మనకు విడిచిపోయిరి. అది నిబంధన ఆరాధన. దక్షిణ ఇండియా సంఘపు ఆరాధన పుస్తకములోను అది కలదు. దేవుడు పని యిచ్చినను, పనినుండి తొలగించినను, నిండుగా నుంచినను, ఖాళీగా నుంచినను, నన్ను నేను ఆయనకే అప్పగించుకొందునని విశ్వాసి అందులో ఒప్పుకొనును. 1755 ఆగస్టు 11న లండనులో వెస్లీగారు మొదటిసారి దీనిని జరిపించిరి. ఒప్పుకొనువారు లేచి నిలువవలెనని చెప్పగా, సుమారు 1,800 మంది లేచిరి. మెథడిస్టుల వాడుక చొప్పున ఇది సంవత్సరపు మొదటి ఆదివారమున జరుగును. అప్పటికి నక్షత్రము దింపివేసి యుందురు, పండుగకు వచ్చిన చుట్టములు పోయియుందురు, యాట కూర అయిపోయి యుండును. గుడిలో సగము చాపలు ఖాళీ. మీ సంఘములో ఆ ఆరాధన ఆగిపోయియున్నయెడల, పెద్దలు ఈ నెలలోనే పాస్టరుగారిని కలిసి అడుగుడి. క్రిస్మసునాడు ఎందరు వచ్చిరో లెక్కించితిరి గదా. ఆ ఆదివారమున ఎందరు లేచి నిలిచిరో దానిని కూడ సంఘ పుస్తకములో వ్రాయుడి.